ముందే విడుదలైన క్లైమాక్స్

"మీ వాళ్ళని తలుపు తియ్యమను!"

కారు ఇంకా సరిగ్గా ఆగనే లేదు, నిర్మాత దిగేసింది. ఆవిడ వెనకాలే సిగ్నలమ్మ దిగింది. కాళ్ళయితే దిగాయి గానీ ప్రాణం మాత్రం ఆఫీసులో ఆ కంప్యూటర్ తెర దగ్గరే కొట్టుకుంటోంది. కాసేపటి క్రితం ఆ తెర చెప్పింది ఒకటే మాట. ఈ సాయంత్రం ఆరింటికి విడుదల కావాల్సిన 'మూడో గంట' సినిమాను మొన్న మధ్యాహ్నమే ఎవరో పూర్తిగా చూసేశారు. ఆఫీసు పరీక్ష బాక్సును పక్కన పెడితే, చూసిన బాక్సు ఒకే ఒక్కటి. అది సిగ్నలమ్మ సొంత ఇంటి ముందుగదిలో ఉంది.

ఆమె శాటిలైట్ టీవీ కంపెనీలో ఇంజనీరు. కోరిన సినిమాను కోరిన వేళ ఇంట్లో చూపించే విభాగం ఆమెది. వీధిలో ఎవరి డిష్ గాలికి పక్కకు తిరిగినా పిలుపు ఆమెకే వస్తుంది కాబట్టి మేనమామ ఆ పేరు పెట్టాడు. అసలు పేరు ఇప్పుడు కన్నతల్లికి కూడా గబుక్కున గుర్తు రాదు.

ఆకాశం నుంచి వచ్చే సినిమా ఇంటింటికీ విడివిడిగా రాదు. అందుకని విడుదలకు ముందే దాన్ని అందరి బాక్సుల్లోకీ దించేసి తాళం వేసి ఉంచుతారు. వేళ కాగానే తాళం తీస్తారు, కావాలన్నవాళ్ళు రిమోట్ నొక్కి చూసుకుంటారు. ఈలోగా బొమ్మా, ధ్వనీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష కోడ్ ఉంటుంది. అది తెలిసినవాళ్ళు కంపెనీలో ఇద్దరే. ఒకరు సిగ్నలమ్మ. రెండోవారు కారు ముందు సీట్లోంచి ఇప్పుడు దిగి తలుపు ధడేలుమని వేస్తున్న మేనేజర్.

ఆఫీసులో ఆయన్ని చాటుగా కర్ఫ్యూ సార్ అంటారు. ఆయన వరండాలో అడుగు పెడితే చాలు, నవ్వులు, కబుర్లు, సగం తాగిన టీ కప్పులు అన్నీ ఎక్కడివక్కడ మాయమైపోతాయి. "నేను సినిమాలు పంపిస్తాను, చూడను" అని గర్వంగా చెప్పుకునే మనిషి.

దారి పొడవునా ఆయన ఉరుముతూనే ఉన్నాడు. "ఒక్కటే బాక్సు! రెండోది లేనే లేదు. నేను మళ్ళీ మళ్ళీ చూశాను, లేదు! ఉన్న ఆ ఒక్కటీ నీ ఇంట్లోది. మొన్న మధ్యాహ్నం నువ్వు ఆఫీసులోనే ఉన్నావు, ఒప్పుకుంటాను. అంటే ఏమిటి? కోడ్ ఇంట్లోవాళ్ళకి చెప్పావు. రేపటి నుంచి నీ కుర్చీ ఖాళీ."

నిర్మాత ఉరమలేదు. ఆవిడ మాట అంతకంటే భయంకరంగా ఉంది. "చూడమ్మా, ఈ కథను ఏళ్ళ తరబడి మోశాను. ఒక్క థియేటరూ తీసుకోలేదు. మీ బాక్సే నా థియేటరు. చూసిందెవరో, కాపీ తీశారో లేదో ఆరులోగా తేలాలి. తేలకపోతే సినిమా వెనక్కి తీసేసుకుంటాను. దొంగసొత్తుగా మారాక నా బిడ్డని జనంలోకి పంపలేను."

అదీ పరిస్థితి.

మేనేజర్ పెద్ద పెద్ద అంగలతో గేటు దాకా వచ్చాడు. గోడ మీద బోర్డు చూశాడు. 'ఆడవారికి, మగవారికి అన్ని రకాల దుస్తులు కుట్టబడును. అర్జంటు పనులు మీ ముందే చేసి ఇవ్వబడును.' ఆయన అంగ గాల్లోనే ఆగిపోయింది.

"మీ ఇల్లు… ఇదా?"

"అవును సార్."

"ఈ వీధిలో మీకు ఇంకో ఇల్లు ఏదైనా…"

"ఉన్న ఒక్కదానికే రంగు వేయించలేకపోతున్నాం సార్."

"నేను కార్లో కూర్చుంటాను. మీరిద్దరూ వెళ్ళి రండి."

"అదెలా కుదురుతుంది? విచారణ మీది!" అంటూ నిర్మాత ఆయన చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మేనేజర్ జేబులోంచి రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకున్నాడు. కోపంతో మాట పడిపోయిందేమో అనుకుంది సిగ్నలమ్మ.

ముందుగదిలో కుట్టుమిషన్ గడగడలాడుతోంది. అమ్మ కిటికీ వైపు తిరిగి స్కూలు యూనిఫాంల గుట్ట ముందు కూర్చుంది. సోఫాలో ఆమె తమ్ముడు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఆయన సిటీ బస్సు కండక్టరు. ఏ సినిమా చూసినా, ఏ కథ విన్నా చివర ఏం జరిగిందో ముందు చెప్పి, తర్వాత మొదలు చెప్తాడు. అందుకే వీధంతా ఆయన్ని క్లైమాక్స్ మామయ్య అంటుంది.

"ఎవరండీ ఇక్కడ 'మూడో గంట' చూసింది?" అని నిర్మాత గుమ్మంలోనే నిలదీసింది.

మామయ్య మొహం వెలిగిపోయింది. "ఓ, అదా! బ్రహ్మాండం అండీ! అందులో హంతకుడు ఎవరనుకున్నారు? ఆ—"

నిర్మాత ఒక్క ఉరుకున వెళ్ళి ఆయన నోరు మూసేసింది.

"మామయ్యా! ఆవిడే ఆ సినిమా నిర్మాత!" అంది సిగ్నలమ్మ.

మూసిన చేతి వెనక నుంచే మామయ్య నమస్కారం పెట్టాడు. చెయ్యి తీశాక ఊపిరి పీల్చుకుని, "మీరా అమ్మా! ఎంత గొప్పగా తీశారండీ. నిన్నటి నుంచి మా బస్సులో ఎక్కినవాళ్ళకి ఎక్కినట్టే చెప్తున్నాను. ఒకాయన దిగాల్సిన స్టాపు దాటిపోయినా దిగలేదు" అన్నాడు.

నిర్మాత సోఫా చివర కూలబడింది. "బస్సులో… అందరికీ…"

"కంగారు పడకండి మేడమ్, మా వాడి మాట ఎవరూ నమ్మరు" అని మిషన్ దగ్గర నుంచే ఓదార్చింది అమ్మ, తల తిప్పకుండా. "వీడు చెప్పే క్లైమాక్సులు సగం వీడే కల్పిస్తాడు. నిజమో కాదో చూద్దామని ఈ వీధిలో సగం మంది సాయంత్రం బాక్సు ముందు కూర్చోబోతున్నారు."

"అక్కా! నువ్వు కూడానా!"

"మామయ్యా, ఇది నవ్వులాట కాదు" అంది సిగ్నలమ్మ. "నా ఉద్యోగం పోతుంది. ఆవిడ సినిమా ఆగిపోతుంది. సూటిగా చెప్పు. నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. విన్నాను."

"ఎవరు చెప్పారు?"

మామయ్య పెదవులు బిగించాడు. ఎవరి రహస్యమూ ఒక్క పూట కూడా దాచలేని మనిషి, రెండు చేతులూ కట్టుకుని పైకప్పు చూశాడు. "అది మాత్రం అడక్కే. నా ఒళ్ళు కోసినా చెప్పను."

మామయ్య నోరు మూసుకున్నాడంటే విషయం నిజంగా పెద్దది. సిగ్నలమ్మ మేనేజర్ వైపు చూసింది. ఆయన తలుపు పక్కన గోడకు వీపు ఆనించి, రుమాలు మూతి మీది నుంచి తియ్యకుండా నిలబడ్డాడు.

"సార్, కూర్చోండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సరే మామయ్యా, ఎవరు చెప్పారో వద్దు. కథ చెప్పు. హంతకుడి పేరు ఎత్తకుండా, చివరి సీను ఒక్కటే చెప్పు."

ఈ మాట కోసమే పుట్టినట్టు మామయ్య లేచి నిలబడ్డాడు. "నాటకాల కంపెనీ అండీ. నాటకం మొదలయ్యే ముందు కొట్టే రెండో గంటకీ మూడో గంటకీ మధ్య తెర వెనక పెద్ద నటుణ్ణి చంపేస్తారు. ఆయన తమ్ముడు పాపం సగం కథలోనే ఎటో వెళ్ళిపోతాడు. చివరికి హంతకుడు దొరికాక మళ్ళీ నాటకం వేస్తారు. తెర లేస్తుంది. అంతా నిశ్శబ్దం. అంతలో వర్షం మొదలవుతుంది చూడండీ! దబదబ దబదబ, ఆకాశం చిల్లు పడ్డట్టు వర్షం. సినిమా అయిపోతుంది. ఏం ముగింపండీ! ఆ వాన నన్ను తడిపేసింది!"

నిర్మాత తల పట్టుకుంది. "నా సినిమాలో వర్షమే లేదు!"

"లేకపోవడమేంటండీ?"

"ఒక్క చుక్క కూడా లేదు. పైగా తమ్ముడు వెళ్ళిపోవడమేంటి? వాడు చివరి దాకా ప్రతి సీన్లోనూ ఉంటాడు! అన్న పోయాక వాడికి మాట పడిపోతుంది, అంతే."

"ఇదిగో, అందుకే వీడి మాట నమ్మొద్దన్నాను" అని అమ్మ గొణిగింది. కానీ మిషన్ చక్రం కాస్త నెమ్మదించింది.

సిగ్నలమ్మ కదలకుండా నిలబడింది. ఈ సినిమాను ఆమె పరీక్ష కోసం ఆఫీసులో చూసింది. చివరి సీను కళ్ళ ముందు తిప్పుకుంది. హాలు నిండా జనం. వాళ్ళు లేచి నిలబడి… ఆమె ఉన్నట్టుండి రెండు చేతులూ కలిపి గబగబా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది.

"ఏమైందే దీనికి?" అన్నాడు మామయ్య.

"కళ్ళు మూసుకో మామయ్యా. వందల మంది ఇలా కొడుతున్నారనుకో. ఏం వినిపిస్తుంది?"

మామయ్య కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి నోరు తెరిచాడు. "వాన!"

"నీకు కథ చెప్పినవాళ్ళు సినిమా చూడలేదు. విన్నారు. మాట్లాడని తమ్ముడు వాళ్ళకి ఉన్నట్టే తెలియలేదు. చప్పట్లు వర్షంలా వినిపించాయి. అంటే వాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు, కానీ టీవీకి వీపు పెట్టి…"

ఆమె మాట అక్కడే ఆగింది. ఇంట్లో టీవీకి వీపు పెట్టి కూర్చునే మనిషి ఒక్కరే. మిషన్ గడగడ కూడా ఆగిపోయింది.

"వాణ్ణేమీ అనకండి" అంది అమ్మ, కిటికీ వైపే చూస్తూ. "చెప్పింది నేనే."

"అక్కా! ఎందుకొప్పుకున్నావ్! నేను పెదవి విప్పలేదు కదే!"

"నువ్వు ఊరుకోరా. ఊరంతా చాటింది చాలు." అమ్మ మెల్లగా ఇటు తిరిగింది. భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది ఆమె మొహంలో. "మేడమ్, చప్పట్లా అవి? ఎండకి కిటికీ తలుపులు మూసేసి ఉన్నాను, అందుకే నిజంగానే వాన అనుకున్నాను. మేడ మీద ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని ఎంత అల్లాడానో! లేవలేను, వెనక్కి తిరగలేను."

"తిరగలేకపోవడమేమిటమ్మా?"

"ఎలా తిరగనే? వెనక ఆ అన్నయ్యగారు దుప్పటి కట్టుకుని కూర్చుంటే?"

మేనేజర్ దగ్గాడు. దగ్గు కూడా రుమాల్లోనే కుక్కుకున్నాడు.

"ఏ అన్నయ్యగారు?" అన్నారు సిగ్నలమ్మా, నిర్మాతా ఒక్కసారే.

అమ్మ మొదలుపెట్టింది. "మొన్న మధ్యాహ్నం ఎవరో మోటార్ సైకిల్ మీద వచ్చారు. దిగుతుంటే ప్యాంటు వెనక సీటు మొత్తం చిరిగిపోయిందట. ఫైలు ఒకటి వెనక అడ్డం పెట్టుకుని, నెత్తి మీద హెల్మెట్ కూడా తియ్యకుండా లోపలికొచ్చేశారు. అర్జంటు మీటింగుందమ్మా, పరువు కాపాడమ్మా అన్నారు. సరే, లోపలికెళ్ళి ఈ దుప్పటి కట్టుకోండి, ప్యాంటు నా భుజం మీదుగా అందించండి, నేను ఇటు తిరగను అన్నాను. ఒట్టు కూడా వేశాను. ఊరికే కూర్చోలేరని రిమోట్ చేతికిచ్చాను."

"మొహం చూళ్ళేదా?" అడిగింది నిర్మాత.

"హెల్మెట్ అద్దం దించుకునే ఉంది మేడమ్. సిగ్గు పాపం."

"ప్యాంటు కుట్టడానికి ఎంతసేపు పడుతుందమ్మా? సినిమా మొత్తం అయ్యేదాకానా?"

"అదే కదా చెప్తున్నాను! ప్యాంటు ఎప్పుడో అయిపోయింది. అయిందండీ, తీసుకోండి అన్నాను. ఒక్క నిమిషం అన్నారు. మళ్ళీ పిలిచాను. ఉండమ్మా, ఇప్పుడే రెండో గంట కొట్టారు అన్నారు. ఇక లేవలేదు! ఆయన ప్యాంటు వేసుకుంటే గానీ నేను వెనక్కి తిరగలేను. ఆయనేమో సినిమా అయితే గానీ ప్యాంటు వేసుకోరు. అలా ఇద్దరం ఇరుక్కుపోయాం. చేసేదేముంది, వింటూ బొత్తాలు కుట్టుకున్నాను."

మామయ్య సోఫాలో పడి దొర్లి దొర్లి నవ్వుతున్నాడు. "హెల్మెట్టూ దుప్పటీనా! అక్కా, అసలు సినిమా ఇది కదే! ఈ ముక్క నాకు చెప్పలేదేం?"

"పాపం మగమనిషి పరువు కదరా. అది చెప్తానా?"

నిర్మాతకు నవ్వు రాలేదు. ఆవిడ లేచి ఫోను తీసింది. "మొహం దాచుకున్నాడు. తాళం తీశాడు. మొత్తం చూశాడు. వాడు కాపీ దొంగ! హెల్మెట్లోనే కెమెరా పెట్టుకుని ఉంటాడు. అయిపోయింది. సినిమా తీసేయమని ఇప్పుడే చెప్తాను."

అప్పుడు మేనేజర్ మొదటిసారి మాట్లాడాడు. మాట కాదు, గుసగుస. రుమాలు వెనక నుంచి గాలి ఊదినట్టు వచ్చింది. "మేడమ్… అంత దూరం ఎందుకు… యంత్రంలో లోపం అనుకుందాం. పాపం అమ్మాయి… క్షమించేద్దాం… పదండి వెళ్ళిపోదాం."

సిగ్నలమ్మ తన చెవులను తనే నమ్మలేదు. దారంతా కుర్చీ ఖాళీ అన్న మనిషి క్షమించేద్దాం అంటున్నాడు!

"లోపమా?" నిర్మాత గొంతు పెరిగింది. "అది ఇంకా ఘోరం కదండీ! ఈ బాక్సు తాళం ఊడిందంటే ఎన్ని బాక్సులు ఊడతాయో! ససేమిరా. తీసేస్తున్నాను."

"ఒక్క నిమిషం మేడమ్!" సిగ్నలమ్మ ఆవిడ చేతిలోని ఫోనుకు తన చెయ్యి అడ్డం పెట్టింది. "అమ్మా, ఆయన కోడ్ ఏమైనా అడిగారా? ఎవరికైనా ఫోను చేశారా?"

"అబ్బే. రిమోట్ పుచ్చుకున్నారు, టిక్ టిక్ టిక్ మని నొక్కారు, మొదలైపోయింది. మన టీవీ నాకంటే ఆయనకే బాగా తెలుసు."

టిక్ టిక్ టిక్. ఎవరినీ అడక్కుండా, ఎక్కడా తడుముకోకుండా. ఆ కోడ్ తెలిసినవాళ్ళు ఇద్దరు. అందులో తను ఆ వేళకు ఆఫీసులో మీటింగు గదిలో కూర్చుని, రాని మేనేజర్ కోసం ఎదురుచూస్తోంది. బండి పంక్చరయింది అని ఆయన సాయంత్రం వచ్చి చెప్పాడు. వస్తూనే ఒక్కొక్కరి మీదా అరిచాడు కూడా. కానీ ఆ రోజు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం వల్ల అనుకున్నారందరూ. ఇవాళ రెండో బాక్సు కోసం ఆయన మళ్ళీ మళ్ళీ వెతికింది, తను చూసిన ఇల్లు వేరే అనుకునే కాబోలు.

సిగ్నలమ్మ గోడ వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడింది. తను అనుకుంటున్నది తప్పయితే ఉద్యోగం ఈ సాయంత్రం పోతుంది. ఒప్పయితే రేపు పొద్దున పోతుంది. తేడా ఒక్క రాత్రి నిద్ర. పైగా ఇలాంటి మాట ఊరికే అనడానికి లేదు. రుజువు కావాలి.

"మేడమ్, ఫోను చేసే ముందు బాక్సు పరీక్షిస్తాను. చివరి సీను ఒక్కటే పెడతాను. తాళం సంగతి తేలిపోతుంది. అమ్మా, నువ్వు కిటికీ వైపు తిరుగు. మొన్న ఎలా విన్నావో అలాగే విను. మామయ్యా, నువ్వు నోరు మూసుకో."

"నేను చూడొచ్చా?"

"కళ్ళు తెరుచుకోవచ్చు."

మేనేజర్ గుమ్మం వైపు జరిగాడు. అప్పటికే సిగ్నలమ్మ తలుపు దగ్గరగా వేసి, దానికి అడ్డంగా స్టూలు వేసి యూనిఫాంల గుట్ట దాని మీద పెట్టేసింది. "ధూళి సార్, బట్టల మీద పడుతుంది."

కోడ్ నొక్కింది. సినిమా తెరుచుకుంది. చివరి సీనుకు తీసుకెళ్ళి వదిలింది. తనేమో టీవీ పక్కన, తెరకు వీపు పెట్టి, చూసేవాళ్ళ మొహాల వైపు తిరిగి నిలబడింది.

తెర మీద నాటకం మొదలవబోతోంది. మూడో గంట మోగింది. అన్న వేషం వేసుకుని తమ్ముడు రంగస్థలం మీదికి వస్తున్నాడు. అన్న చెప్పులు వాడికి బాగా పెద్దవి. ఒక చెప్పు జారి ముందుకు దొర్లిపోయింది. దాని వెనకాల వాడు ఒంటికాలి మీద గెంతుతున్నాడు. మామయ్య పకపకా నవ్వాడు. అంత కంగారులోనూ నిర్మాత పెదవులు విచ్చుకున్నాయి. వెయ్యిసార్లు చూసిన సీను, అయినా నవ్వింది. మామయ్య నవ్వు వినే ఆవిడ ఇంకొంచెం నవ్వింది.

గదిలో ఒక్క మనిషి నవ్వడం లేదు.

కర్ఫ్యూ సార్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. గోడకు వీపు ఆనించుకునే ఉన్నాడు, కానీ మనిషి అక్కడ లేడు. ఆ కుర్రాడు ఒంటికాలి మీద గెంతుతుంటే ఈయన గడ్డం వణుకుతోంది. కన్నీళ్ళు తెప్పించే ఘట్టం ఇంకా రాలేదు. తమ్ముడు జనం ముందు నిలబడి, నోరు తెరిచి, గొంతు పెగలక అలా ఉండిపోయే ఘట్టం అది. రావడానికి ఇంకా కాస్త టైముంది. అది రాబోతోందని ముందే తెలిసినవాళ్ళకే ఇప్పుడు ఏడుపొస్తుంది.

ఆయన ఆపుకుందామని చూశాడు. ఆగలేదు. రుమాలులోకి ముక్కు ఒక్కసారి గట్టిగా ఎగబీల్చాడు. కాసేపాగి మళ్ళీ, రెండుసార్లు వరసగా, చివర చిన్న ఈల శబ్దంతో.

కిటికీ దగ్గర అమ్మ ఎగిరిపడింది.

"ఇదే!" అని అరిచింది, ఇటు తిరక్కుండానే. "ఇదేనే ఆ ముక్కు! మొన్నంతా నా వీపు వెనక ఇదే శబ్దం! తుడుచుకోమని లైనింగు గుడ్డ ముక్కలు అందించి అందించి నా చెయ్యి నొప్పెట్టింది! ఆ అన్నయ్యగారు వచ్చారా? మీలో ఎవరే అది?"

సరిగ్గా అప్పుడే తెర మీద తమ్ముడు నోరు తెరిచాడు. మాట రాలేదు. నాటకాల హాలంతా మెల్లగా లేచి నిలబడింది. చప్పట్లు మొదలయ్యాయి. మామయ్య తెర వైపు చూసి, "నిజంగానే వాన కాదురా దేవుడా" అని, గబుక్కున భుజం మీది తువ్వాలుతో కళ్ళు అద్దుకున్నాడు.

నిర్మాత తెర చూడడం లేదు. సిగ్నలమ్మను చూస్తోంది. "ఏమ్మా, మీ అమ్మ ఏమంటోంది? ఎవరి ముక్కు? నాకు ఒక్క పేరు కావాలి. వాడు దొంగ కాడని ఒక్క రుజువు కావాలి. గడియారం చూడు!"

ముల్లు ఆరుకు దగ్గరపడుతోంది. ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో, ఎంతమంది రిమోట్ పట్టుకుని కూర్చున్నారో!

మేనేజర్ రుమాలు దించాడు. ముక్కు ఎర్రగా ఉంది. ఆఫీసులో అందరినీ వణికించే ఆ కళ్ళు మొదటిసారి సిగ్నలమ్మను బతిమాలుతున్నాయి. తల అతి నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతోంది. వద్దు తల్లీ, వద్దు. నీ కుర్చీ నీకే ఉంచుతాను.

ఆ చూపు అర్థమైంది ఆమెకు. ఊరుకుంటే ఉద్యోగం మిగులుతుంది. ఊరుకుంటే సినిమా పోతుంది. తాళం ఊడిన ఇల్లు, మొహం లేని దొంగ అన్న కథే మిగులుతుంది. అమ్మ వీపుతో విని మెచ్చుకున్న సినిమా, మామయ్య బస్సు నిండా పంచిన సినిమా, ఇంకెవరింట్లోనూ వెలగకుండా ఆరిపోతుంది.

ఆమెకు భయం వెయ్యాలి. వెయ్యలేదు. హెల్మెట్టూ, దుప్పటీ, చేతి నిండా లైనింగు ముక్కలూ కళ్ళ ముందు మెదిలి, కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని పళ్ళ బిగువున ఆపి, నిర్మాత ఫోను తీసుకుని సోఫాలో పెట్టింది.

"మేడమ్, మీ సినిమాకు దొంగ పడలేదు. మొదటి ప్రేక్షకుడు పడ్డాడు. ప్యాంటు సంగతి కూడా మర్చిపోయి చూశాడు, ఇప్పుడు రెండోసారి చూసి మళ్ళీ ఏడుస్తున్నాడు. కోడ్ నాది కాదు, మా ఇంట్లోవాళ్ళదీ కాదు." ఆమె చెయ్యి ఎత్తి గోడ వైపు చూపించింది. ఇన్నేళ్ళుగా ఆఫీసులో ఎవరూ పైకి అనని పేరు, అంత గట్టిగా, అంత హాయిగా ఆమె నోటి నుంచి వచ్చేసింది.

"దుప్పటి కట్టుకుని మీ సినిమా చూసింది మా కర్ఫ్యూ సారే!"